నూలుపోగంత

మా ఇంట్లో ఒక ఆయుధం ఉంది.
ముప్పై ఏళ్ళుగా
పండుమిరప పచ్చడి జాడీ మీద కూర్చుని ఉంది.

నల్లటి రాయి. నడుమ దిబ్బరొట్టెలా దళసరి,
అంచుకొచ్చేసరికి అట్టు కంటే పలచన,
మధ్యలో బొటనవేలు పట్టే బెజ్జం.
అమ్మ దాన్ని తిరగలి పిల్ల అనేది.
జాడీకి వాసెన కట్టి, మూత పెట్టి, మూత మీద దాన్నెక్కించి
"పిల్లే కాదు, మీ నాన్న కూడా కదపలేడు" అనేది.

తెచ్చింది నాన్నే.
గుంటూరు సంగడిగుంట యేసోబు,
ఓడలో ఇంజనుకి నూనె పోసే పని.
పాపువాలో, లే అనే రేవులో
ఓడ చెడిపోయి పదకొండు రోజులు ఆగిపోతే
సంతలో చేమదుంపల రాశి పక్కన
గోనె పరుచుకుని కూర్చున్నాడట ఒక ముసలాయన.
ఆయన మాట నాన్నకి రాదు, నాన్న మాట ఆయనకి రాదు.
బెజ్జంలో కర్ర దూర్చినట్టు చూపించాడు,
గాలిలోకి ఎత్తాడు, కనపడని ఎవడి నెత్తినో దించాడు,
తర్వాత వక్క నమిలిన ఎర్రపళ్ళతో నవ్వి
రాయిని టోపీలా తన నెత్తినే పెట్టుకున్నాడు.
ఒక గళ్ళ లుంగీ, సగం సీసా పచ్చడి ఇచ్చి
పుచ్చుకొచ్చాడు నాన్న.
ఆ పచ్చడి తిని ముసలాయన ఏమైపోయాడో అన్నదే
చివరిదాకా మా ఇంట్లో బెంగ.

మొన్న మార్చిలో, మిర్చి యార్డు వైపు గాలికి
వీధి వీధంతా తుమ్ముతున్న పొద్దున
"రోళ్ళకి కక్కు కొడతాం" అని కేక.
వల్లెపు నాంచారమ్మ.
రెండేళ్ళకోసారి వచ్చే మనిషి, ఈసారి నాలుగేళ్ళకొచ్చింది.
వీధిలో మిగిలిన రోళ్ళు మూడు,
అందులో ఒకటి తులసి మొక్కకి కుండీ.

పనయ్యాక మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దాకా వచ్చి
గ్లాసు అందుకోవడం మర్చిపోయింది.
చేతులు కొంగుకి తుడుచుకుని రాయిని దించింది.
బరువు చూసింది. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది.
ఉమ్మితో ఒక మూల తడిపి ఎండలోకి తిప్పింది.

"దీనికి ఇనుము తగల్లేదు."

నేనేమీ అడగలేదు. తనే చెప్పుకుపోయింది.
"ఉలి లేదు. రాయితోనే రాయిని చిదిపాడు,
చీమ కుట్టినట్టు, చీమ కుట్టినట్టు.
ఆపైన ఇసకా నీళ్ళూ పోసి అరగదీశాడు.
ఒక వానాకాలం పట్టి ఉంటుంది. కాదు, రెండు.
మా వైపు చేలల్లో దొరుకుతుంటాయి ఇట్టాంటి నున్నటి రాళ్ళు.
పిడుగురాళ్ళంటారు, పసుపు రాసి గట్టున పెడతారు.
పిడుక్కి ఇంత ఓపికా!"

వేలు బెజ్జంలోకి పోనిచ్చి కళ్ళు మూసుకుంది.
"ఇటునించి కొంత తొలిచాడు, తిరగేసి అటునించి కొంత.
కలిసేచోట
నూలుపోగంత తప్పాడు."
నవ్వింది. సాటి పనివాడి తప్పు దొరికినప్పుడు
పనివాళ్ళు నవ్వే నవ్వు.
"మా మావ కూడా ఇక్కడే తప్పేవోడు."

దేనికి ఇది, అంది.
చెప్పాను.
తలలు పగలగొట్టడానికి.

సుత్తి సంచిలో పెట్టుకుంది. ఉలి గుడ్డలో చుట్టుకుంది.
గ్లాసు నీళ్ళూ నింపాదిగా తాగింది.
అప్పుడంది, నాతో కాదు, రాయితో:
"తలకాయకి ఇంత నునుపెందుకురా అయ్యా,
ఏ గుండ్రాయైనా చాలదా?"

నూట యాభై తీసుకుంది. పచ్చడి పెడతానంటే
కడుపులో మంట, వద్దంది.

రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో తడుముకుంటూ వెళ్ళి
నేనూ వేలు పెట్టి చూశాను.
ముందు ఏమీ లేదు. మళ్ళీ తిప్పి చూస్తే
తగిలింది, చిన్న మెట్టు.
గోటితో గీరాను.
దీపం దగ్గర చూస్తే గోటి కింద ఎర్రగా ఏదో.
మా జాడీలోదే
అనుకుంటాను.