ఆ తలుపు నాది కాదు

స్టూడియో మధ్యలో గోడ లేని తలుపొకటి ఉండేది.
ఇటు నేల, అటూ అదే నేల.
మూడు గొళ్లేలు, రెండు గంటలు, ఉత్తరాలు వేసే ఇత్తడి నోరు,
కింద నాలుగు చక్రాలు.
దాన్ని తెరిచి మూయడమే
విన్నిఫ్రెడ్ ఆకెండెన్ ఉద్యోగం.

యుద్ధం రోజులు. లండన్ మీద బాంబులు పడుతుంటే
నవ్వించేవాళ్లని రైలెక్కించి
వేల్స్ సముద్రపు ఒడ్డుకి పంపేశారు, తలుపుతో సహా.
చర్చి హాల్లో ఒక మైకు.
ట్రేలో గులకరాళ్లు పోస్తే బాట, రెండు కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం.
కొబ్బరి రుచి ఎరగని ఊళ్లు కూడా
ఆ చిప్పల చప్పుడికి గుర్రాన్ని గుర్తుపట్టేవి.

కిటికీలకి నల్లగుడ్డ కట్టుకున్న దేశం
చెవులతో నవ్వింది.
గురువారం రాత్రి తలుపు కిర్రుమనేది,
మురుగుకాలవల ఇన్‌స్పెక్టరు తల దూర్చేవాడు:
"నేనేనండి, మళ్లీ నేనే!"
తెల్లారేసరికి కసాయి కొట్టువాడిదీ అదే మాట,
గోతులు తవ్వేవాడిదీ అదే మాట.

తర్వాత కళ్లొచ్చాయి.
తలుపుకి గోడొచ్చింది, అట్టగోడ.
గట్టిగా వేస్తే ఇల్లంతా వణికి
గోడమీద తాతగారి ఫోటో తలాడించేది.
సూటు వేసుకున్న నాలుకల పక్కన
బొగ్గుమసి అంటిన యాసలొచ్చి కాళ్లు బారజాపుకు కూర్చున్నాయి.
మంచిదే.

కొన్ని నవ్వులు మాత్రం ఇప్పుడు వింటే గొంతులో ముల్లు.
గది అద్దెకడిగిన నల్లమనిషి మొహం మీద తలుపు పడింది,
హాలంతా పగలబడింది.
ఆ తలుపు వేసిందీ విన్నిఫ్రెడే.
ఆ మాట ఆమె నాతో రెండుసార్లు చెప్పింది,
రెండోసారి నేను అడక్కుండానే.

టేపు ఖరీదు. అలమరా ఇరుకు.
శనివారం నవ్వు చెరిపేసి
దాని మీదే సోమవారం గుర్రప్పందెం ఎక్కించారు.
ఈసారి నిజం గుర్రాలు.

పాత టేపులు బాగుచేసే పని నాది.
హెబ్బర్న్ నించి ఓ బిస్కట్ డబ్బా వచ్చింది,
లోపల చిన్న రీలు, మ్యూరియల్ థర్ల్‌వెల్ చేతిరాత:
"అప్పుడు నాకు పదకొండేళ్లు.
టీవీకి మైకు ఆనించి పట్టుకుని కూర్చున్నాను.
మాట్లాడొద్దని నాన్నకి చెప్పాను.
ఆయన మాట్లాడలేదు."

నిజమే, మాట్లాడలేదు.
ఇంటావిడ అడుగుతుంది: "ఇంతకీ ఆ పెట్టెలో ఏముందయ్యా?"
అద్దెకున్నవాడు గుటక వేస్తాడు,
నోరు తెరుస్తాడు—
సరిగ్గా అక్కడ
నాన్న దగ్గు.
ముప్పై ఏళ్ల బొగ్గుగని అంతా ఆ దగ్గులో.

అది తగ్గేసరికి స్టూడియోలో మూడొందల మంది
కుర్చీల మీంచి దొర్లుతున్నారు.
వాళ్ల వెనకే, ఒక్క గుక్క ఆలస్యంగా, నాన్న కూడా.

స్క్రిప్టు లేదు. రాసినవాడు లేడు. నటులూ లేరు.
పెట్టెలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.
మిషను పెట్టి దగ్గు తీసేయబోతే
దాన్ని పట్టుకుని ఆయన నవ్వూ ఊడొచ్చేస్తోంది.
వదిలేశాను.
ఏడుసార్లు విన్నాం, ఏడుసార్లూ నవ్వాం,
దేనికో మాత్రం తెలీకుండా.

తొంభై ఒకటో ఏట విన్నిఫ్రెడ్‌ని పిలిపించాను.
తెల్లజుట్టు మీద హెడ్‌ఫోన్లు, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు.
చివర్లో ఎక్కడో తలుపు చప్పుడైంది.
వేలెత్తింది.

"అది నాది కాదు.
నాది కింద కాస్త రాసుకునేది.
ఇది వాళ్ల వంటింటిది.
ఎవరో టీ పెట్టడానికి లేచారు."

రీలు ఆపబోయాను.
ఉండమంది.
నీళ్లు మరిగేదాకా
ఇద్దరం కూర్చున్నాం.