డమ్మీ పీసు

నాగపూర్ నుంచి దేశ్‌కర్ సాబ్ వచ్చిండు.
కారు అద్దం మీద అడవి దుమ్ము, చేతిల ఒక మ్యాపు.
పెద్ద పట్నాలల్ల ఇగ కొనేటోళ్లు లేరట,
ఒక్కొక్కని జేబుల రెండేసి ఫోన్లున్నయట.
గందుకని కంపెనీ చూపు
ప్రాణహిత గోదాట్ల కలిసే ఈ మూల మీద పడ్డది.
మ్యాపుల సిరోంచకు రంగు లేదు.
"ఇదంతా ఖాళీ," అన్నడు హిందీల.
ఆ ఖాళీలనే మా అమ్మ
మిరపకాయలు ఆరబోసి కూసున్నది.

చిలువేరువార్ సేటు దుకాణం నీలమైంది.
షట్టరు నీలం, కుర్చీ నీలం, నా అంగీ నీలం.
బోర్డు మరాఠీల, బేరం తెలుగుల,
బిల్లు ఇంగ్లీషుల,
ఉద్దెర మాత్రం ఏ భాషల జెప్పినా ఉద్దెరే.

నెలకు నలభై పీసులు టార్గెట్.
తునికాకు పైసలు పడ్డ నెల ముప్పై ఒకటి పోయినయి.
ఆనలు మొదలైనంక నాలుగు.
"గ్రోత్ ఏది?" అని సోమారం సోమారం మెసేజ్.
నదికి వరదొచ్చింది సార్, తొవ్వ బందైంది అని రాస్తే
బొటనవేలు బొమ్మ ఒకటి పంపిండు.

బ్రిడ్జి అవతలి టవరు
గాలి మళ్లినప్పుడు ఇవతలికి చెయ్యందిస్తది.
ఫోను తెలంగాణల ఉంటది,
పట్టుకున్న మనిషి మహారాష్ట్రల.

ఇంద్రావతి దిక్కు నుంచి దూల్సా మడావి
ప్రతి అంగడికీ వచ్చేటోడు.
కొనడు. భాషల లిస్టు
కిందికి, ఇంకా కిందికి జరుపుతుండె.
మంచుదేశాల మాటలు గూడ ఉన్నయి అండ్ల.
"మా మాట ఏడున్నది?"
"అప్‌డేట్ల వస్తది." కంపెనీ నేర్పిన జవాబు.
మళ్ల అంగడికి మళ్ల అడిగిండు.
మళ్ల గదే చెప్పిన.

పోళా పండుగ పోయిన వారానికి
దేశ్‌కర్ సాబ్ రాలె, కాగితం వచ్చింది.
ఈ మార్కెట్‌ను కొత్తగ చూస్తమని రాసిన్రు.
అంటే ఇగ చూడమని.
పీసులు వాపసు, చార్జర్లు వాపసు,
నా అంగీ గూడ వాపసు.
డమ్మీల సంగతి కాగితంల లేదు.

డమ్మీ అంటే ఎరుకే గదా,
లోపల ఏం ఉండది, బరువుకొక ఇనుపరేకు.
అద్దం మీద అతికించిన కాగితం.
అండ్ల ఎప్పుడు జూసినా పది గంటల ఎనిమిది నిమిషాలు,
సిగ్నల్ గీతలు నిండుగ.

దూల్సా దాన్ని చెవికి పెట్టుకున్నడు.
మాడియాల గట్టిగ మాట్లాడిండు.
ఆగి, కొంచెం సేపు ఇన్నడు గూడ.
నవ్విండు.
"దీన్ల మాట్లాడొచ్చు. ఎంత?"

రేట్ల పట్టీ ఎతికిన. దానికి రేటు లేదు.
సేటు లోపటి నుంచే ఇరవై అన్నడు.
వాడు పది పెట్టి పోయిండు.

ఆ నెల పోయింది అదొక్కటే.
దేశ్‌కర్ సాబ్‌కు పంపిన: పీసు ఒకటి.
ఒక్క టిక్కు పడ్డది.
ఇయ్యాల్టికీ ఒక్కటే.