ఉప్పు చూడ్డం

ఉరిమిన మర్నాడు
గడ్డిమేటు అడుగున పొడుచుకొచ్చేవి,
బూడిదరంగు గొడుగులు,
మొదట్లో చిట్లిన గుడ్డుపెంకులాంటి తొడుగులు.
మా అత్త మరిడమ్మ చీకటితోనే వెళ్లి
చెంగులో పోసుకొచ్చేది,
చేతులకి మాగిన గడ్డివాసన
కాళ్లకి బోదె బురద.

ఏది తినొచ్చో ఏది కూడదో ఆవిడకి తెలుసు.
తెలుసని మాత్రం ఎప్పుడూ గట్టిగా అనేది కాదు.
పసుపేసి చూసేది,
వెల్లుల్లి నల్లబడిందేమోనని చూసేది,
"ఇవన్నీ మన ధైర్యానికే అమ్మాయ్,
విషానికి తెలీవు."

చారు నాచేతే కాయించేది.
చిన్నుల్లి దంచు.
మిరియం నలగ్గొట్టు, పిండి చెయ్యకు.
బియ్యం కడుగు పారబోశావా? చిక్కదనం అందులో కదే ఉంది!
నీళ్లు కాసినే పొయ్యి, అవే ఊరతాయి,
పుట్టింది గోదారి నేల్లో కదా.
పొయ్యికింద కొబ్బరిమట్ట చిటపటలాడేది
పొగకి నా కళ్లు, ఉల్లికి ఆవిడ కళ్లు.
దింపబోయే ముందు ఒక చిప్పెడు కొబ్బరిపాలు.

అప్పుడు స్టీలుగ్లాసు చాపేది.
మొదటి గ్లాసు ఆవిడదే.
ఊదుకుని తాగి, అరుగుమీద చతికిలబడి
"గంటాగండి" అనేది.

గంటంటే
ముక్తేశ్వరం రేవుకి పోయిన బస్సు
మళ్లీ మా లాకుల మీదుగా రావడం.
అందాకా కంచాల ముందు పిల్లలు,
వాళ్ల నాన్న గనిరాజు,
అందరం ఆవిడ మొహంకేసి.
ఒకసారి కావాలనే కళ్లుమూసి పక్కకి ఒరిగింది.
ఈయన పరిగెత్తాడు.
ఒక కన్ను తెరిచి
"ముందు నీ చెమట తుడుచుకోరా" అంది.

ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది,
కొన్ని మర్నాటికి గానీ బయటపడవంట, గంట చాలదు.
"మర్నాటిదాకా పిల్లలు ఆగుతారేంటి" అంది అత్త,
ఆ ఏడు మరి ఏరలేదు.

ఆవిడ చెల్లెలు, అవతలి లంకలో,
ఒక వానాకాలం. ఒకే కుండ. నలుగురు.
ఒక్కసారే చెప్పింది, పాలు తోడేస్తూ.
చెప్పి, గిన్నెమీద మూత సరిచేసింది.

ఇప్పుడు గడ్డిమేట్లు లేవు.
మిషను కోసి, నలిపి, చేల్లోనే పారేసి పోతోంది.
మా పెద్దాడు అమలాపురం నించి తెచ్చాడు
ప్లాస్టిక్ డబ్బాలో, పాలపళ్లలా తెల్లగా.
సూప్ చెయ్యమన్నాడు.
అత్త డబ్బా ఇటూ అటూ తిప్పింది.
"తారీకుంది. ఊరేదిరా దీనికి?"

వాసన లేదు. అయినా మిరియం పడ్డాక
వంటిల్లు కాస్త గుర్తుపట్టింది.
కొబ్బరిపాలు పోశానో లేదో
గ్లాసు చాపింది.
చెయ్యి వణుకుతోందని సగమే పోశాను.
"గంటాగండి."
"నాన్నమ్మా, ఇవి షాపువి!"
"షాపువాడు తిని చూపించాడా?"

వీళ్లెవరికీ తెలీదనుకున్నాను
పదమూడేళ్లుగా
ఆవిడ గ్లాసు చాపకముందే
గరిటె అంచునించి అరచేతిలో ఒక చుక్క,
వెనక్కి తిరిగి, నేను ఉప్పు చూస్తానని.
చూడకుండా చారు దింపేదెలా.
గట్లమీదవి తెచ్చిన రోజుల్లోనూ చూశాను.
ముందు రోజుల్లో అలవాటుకి,
ఆ చెల్లెలి మాట విన్నాక
అలవాటుకి కాదు.

అరుగుమీంచి, ఇటు తిరక్కుండానే
"ఉప్పు సరిపోయిందే?" అంది.
తాగింది ఆవిడ. అడిగింది నన్ను.
"సరిపోయిందత్తయ్యా."
"ఊఁ. నీకెప్పుడూ సరిపోతుంది."

ఖాళీగ్లాసు ఒళ్లో పెట్టుకుంది.
కొంచెం జరిగి
పక్కన చోటిచ్చింది.
బస్సింకా రాలేదు.