బాకీ

ప్యార్నులో ఆఖరి ట్రిప్పు దింపి, బస్సు డిపోలో పెట్టి
బూట్లు విప్పకుండానే కూర్చుంటుంది హెల్వి.
నల్లటి తెర. తెల్లటి అక్షరాలు. బొమ్మ ఒక్కటీ ఉండదు.
అక్కడామె గుడ్డి పడవవాడు,
పదకొండేళ్లుగా.

*నది. పొగమంచు. పడవలో ఒక దొంగ నిద్రపోతున్నాడు.*

నోవి సాద్ నుంచి ఆడతాడు వాడు.
మూడు నాణేలు బాకీ.
రేవు రేవుకీ ఓ కొత్త అబద్ధం అల్లి ఎగ్గొడతాడు,
ఆ అబద్ధాల కోసమే ఆమె మళ్లీ ఎక్కించుకుంటుంది.
మూడు వారాలుగా లేవలేదు.

*దొంగ లేచాడు.*
*దొంగ కూర్చున్నాడు. దొంగ లేచాడు.*
*దొంగ సంచిలో ఉన్నవన్నీ కింద పడేశాడు:*
*తాళంచెవి, ఎండు రొట్టె, నాలుగు వందల నాణేలు.*

నాలుగు వందలు!
తిట్టబోయింది హెల్వి.

*దొంగ అన్నాడు: నేను డెసాంకని. వాడి చెల్లెల్ని.*
*దొంగ అన్నాడు: ఇవి ఎలా నొక్కాలో నాకు తెలీదు.*
*దొంగ అన్నాడు: వాడింక రాడు.*

చెల్లెలు ఏడ్చినా
ఆట "అన్నాడు" అనే అంటుంది.

*దొంగ అన్నాడు: ఇక్కడ చలిగా ఉంటుందా?*

బూట్ల మంచు కరిగి నేలంతా మడుగు.
చాలాసేపటికి

*పడవవాడు అన్నాడు: నది కదా. ఇటు జరుగు.*
*పడవవాడు తడుముకుంటూ*
*మూడే మూడు ఏరుకున్నాడు.*