నాలుగు వేళ్ళ మడత

బడి తెరవడానికి తొమ్మిది రోజులుంది.
రువీలో ఎండ మాత్రం ఆగలేదు,
బట్టల తీగ మీద క్లిప్పు ముట్టుకుంటే చుర్రుమంటోంది.

షఫీక్ టైలరు కొట్టు ముందు వరస.
లోపల చిలక్కొయ్యలన్నిటికీ ఒకటే రంగు గౌన్లు,
తలలు లేని పిల్లలు ప్రార్థనకి నిలబడ్డట్టు.
మా గుంటకి కొలత తీసి
మడత ఎంత పెట్టమంటారని హిందీలో అడిగాడు.
నాలుగు వేళ్ళు చూపించాను.
రెండేళ్ళు రావాలి మరి.
అతను నవ్వలేదు. ఈ వారమంతా తల్లులు
అతనికి వేళ్ళే చూపిస్తున్నారు.

బూట్లు ఒక సైజు పెద్దవి, ముందర దూది కుక్కి.
"టపటపమంటున్నాయమ్మా" అంది ప్రణవి.
దసరా నాటికి నోరు మూసుకుంటాయిలే అన్నాను.
బస్సు ఫీజు చీటీ ఫ్రిజ్జుకి అయస్కాంతం కింద ఉంది.
జీతం పడేదాకా అది అక్కడే.

పుస్తకాలు కొత్తవి కొనలేదు.
పై అంతస్తు ఆన్ మరియా వాళ్ళు ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు.
వాళ్ళ నాన్న పనిచేసే కంపెనీ ఎత్తేశారు.
సోఫా వాచ్‌మన్‌కిచ్చారు,
చేపల తొట్టి ఎవరూ వద్దంటే మెట్ల కింద వదిలేశారు.
వాళ్ళమ్మ పుస్తకాల సంచి మా గుమ్మంలో దించి
ఆరు రియాల్లంది. తర్వాత మూడంది. తర్వాత
ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుని నిలబడింది.

రాత్రి రబ్బరు పట్టుకుని కూర్చున్నాను.
ఖాళీలన్నీ పూరించేసింది ఆ పిల్ల,
గుండ్రంగా, ఒత్తి ఒత్తి, వెనక పేజీకి దిగేలా.
చెరపకపోతే మాది చూసి రాసేస్తుంది.
ఆకులో పచ్చదనం చెరిపాను.
ఒంటె మూపురం చెరిపాను.
పధ్నాలుగో పేజీలో, నీ చిరునామా రాయి.
వీధి మాదే, బిల్డింగు మాదే.
ఫ్లాటు నంబరొక్కటే చెరిపి
మిగతాది ఉంచేశాను.
దాని కింద, నీ ఇరుగుపొరుగు పేర్లు మూడు రాయి.
మొదటి పేరు ప్రణవి.

రబ్బరు అక్కడ ఆగింది.
చాప మీద నల్లటి పొట్టు,
పక్కగదిలో ఏసీ దగ్గుతోంది.
లేచి నీళ్ళు తాగొచ్చి, ఆ పేజీ వదిలేసి
పదిహేనుకి వెళ్ళాను.

గురువారం అర్ధరాత్రి మా ఆయన దుక్మ్ నుంచి దిగాడు,
ఒంటి నిండా గాజు దూది దురద.
వారమంతా ఏసీ గొట్టాలకి రేకు చుట్టే మనిషి.
స్నానం చేసొచ్చి బ్రౌన్ పేపరు చుట్ట విప్పాడు.
మూల మడిచి, గోటితో గీసి, లోపలికి దోపి
ఒక్కో పుస్తకాన్నీ వీపు తట్టి పక్కన పెట్టాడు.
"గాలి దూరకూడదే" అన్నాడు.
లేబులు రాయబోయి తలెత్తాడు,
"మూడా, నాలుగా?"
నాలుగని చెప్పాను. రెండుసార్లు దిద్దాడు ఆ అంకెని.

మొదటిరోజు ఆరుంపావుకే పదిహేడో నంబరు బస్సు.
గౌను కింద మడత బరువుకి
నడుస్తుంటే గంటలా ఊగింది పిల్ల.
వెనక్కి చూడలేదు, చెయ్యీ ఊపలేదు,
కిటికీ సీటు కోసం పరిగెత్తింది.

మధ్యాహ్నం వచ్చి సంచి విసిరి
"పధ్నాలుగో పేజీలో నా పేరుందమ్మా,
చెరిపేశాను" అంది.
"ఎవరి పేరు రాశావు మరి?"
"ఆన్ మరియా."
"వాళ్ళిప్పుడు లేరు కదే."
"పేర్లు రాయమన్నారు గానీ
ఉన్నారా అని అడగలేదుగా."

అన్నం పెట్టాను.
బూట్లలో దూది చెమటకి ముద్దయింది.
తీసి, పిండి, కిటికీ గట్టు మీద ఎండేశాను.
రేపటికి కావాలి.