వంతు

షార్జా ఊరు దాటినంక సజ్జా వస్తది.
పేరుకే సజ్జ. గింజ మొలవది.
సిమెంటు ఫ్యాక్టరీల బూడిద
ఆరేసిన బనీన్ల మీద పేరుకుంటది.

రెండో అంతస్తు, పద్నాలుగో రూము.
ఎనిమిది మంచాలు, ఒక్క ఏసీ,
గాలి మొఖానికి కొట్టకుండ ఎవరో కట్టిన దస్తీ.

కింది మంచం లింబాద్రిది.
మోర్తాడు దిక్కు మనిషి, షట్టరింగు పని.
ఒక శుక్రవారం పొద్దుగాల
తన జండూ బామ్ నాకిచ్చిండు.
మామిడికాయ తొక్కు సీసా ముత్తెన్నకు,
మడత విప్పని దుప్పటి బిహారీ పిలగానికి.
"నాకెందుకురా ఇవన్నీ" అన్నడు.
మేం సంబురపడ్డం.
తొక్కు మంచిగుందని గూడ అన్నం.

నడ్పి సాయన్న ఒక్కడే తినుడు ఆపిండు.
చెయ్యి కడుక్కొని వచ్చి, నన్ను వరండాలకు పిలిచి,
"ఊరికి పోయేటోడు సూట్‌కేసు నింపుతడు.
వీడు ఖాళీ చేస్తున్నడు" అన్నడు.

ఆ రాత్రే పాత క్యాలెండర్ వెనుక వంతులు రాసినం.
పది నుంచి పన్నెండు ముత్తెన్న.
పన్నెండు నుంచి రెండు నేను.
రెండు నుంచి నాలుగు సాయన్న,
నాలుగింటికి బస్సొస్తది గనుక.
నిద్ర చాలనోడు క్రేను కింద నిలబడొద్దని
మాకు తెల్వక కాదు.

షరతు ఒక్కటే.
"ధైర్యంగ ఉండు" అని ఎవ్వరూ అనొద్దు.
అన్నోడు పాలపొడి డబ్బాల దిర్హం వెయ్యాలె.
మొదటి రాత్రే నాలుగు దిర్హంలు వేసిన నేను.
ఏం జేస్త, నాకొచ్చిన మాట అదొక్కటే.
అవ్వ, మేస్త్రి, ఏజెంటు,
ఎయిర్‌పోర్టుల చెయ్యి ఊపిన బామ్మర్ది,
అందరు కట్టిచ్చిన సద్ది అదే.

రెండో రాత్రి సాయన్న సీదా అడిగిండు:
"సావాలనిపిస్తుందా లింబన్నా?"
నాకు గుండె ఆగినంత పనైంది.
చానా సేపటికి లింబాద్రి
"అనిపిస్తుంది" అన్నడు.

ఆ మాట కిందపడి పగల్లేదు.
ఏసీ నడుస్తనే ఉంది.
"సరే, ఛాయ్ పెడ్త" అన్నడు సాయన్న.

మూడు నెలల జీతం రాలేదు, మిత్తి పెరుగుతుంది,
అవన్ని మాకెరుకే, మాయి గూడ అవే కథలు.
ఎరుక లేనిది ఒకటుండె:
నెల రోజుల సంది కన్ను మూస్తే చాలు
తను కొట్టిన షట్టరింగు మీది స్లాబు
మెల్లగ, సప్పుడు లేకుండ,
కిందికి జారుతుందట.

కంపెనీకి తెలిస్తే టికెట్టు కొట్టిస్తదని
ఫోర్‌మన్‌తోని జరం అని చెప్పినం.
జరమే గద. ధర్మామీటరుకు అందనిది.
పెషావర్ డ్రైవర్ గుల్‌జమాన్
దవఖాన దాక తోలుకపోయి పైసలు తీస్కోలే.
డాక్టరు ముందట తర్జుమా నాది.
"నిమ్మళం లేదు" అన్నడు లింబాద్రి.
నిమ్మళానికి హిందీల మాట దొరకలే నాకు.
చెయ్యి గుండె మీద పెట్టుకొని,
అక్కడ్నించి తీసి, గాలిల ఊపి చూపిన.
కేరళ నర్సు రెజీనమ్మ తల ఊపి
డాక్టరుకు అరబ్బీల ఏదో చెప్పింది.
నాకంటె మంచిగనే చెప్పినట్టుంది,
ఆయన పెన్ను పక్కన పెట్టి
లింబాద్రి దిక్కు కుర్చీ జరుపుకున్నడు.

బాగైండని నేను చెప్ప.
గోళీలు మింగుతున్నడు.
కొన్ని రాత్రులు ఇంకా స్లాబు జారుతది.
దుప్పటి మాత్రం బిహారీ పిలగాన్ని అడిగి
మళ్ల తెచ్చుకున్నడు.
తొక్కు సీసా అడిగిండు గని, అప్పటికే ఒడిసింది.

మొన్న ముప్పై ఒకటో రూముల
రామగుండం పిలగాడొకడు, రాకేశ్,
రెండు రోజుల సంది తిండి ముట్టలేదని తెలిసింది.
క్యాలెండర్ కిందికి దించినం.
రెండు నుంచి నాలుగు గడిల
ఎవరి పేరు రాయాల్నో అనుకునే లోపల
లింబాద్రి పెన్ను గుంజుకున్నడు.

మూడు దాటినంక నేను చూడవోయిన.
రాకేశ్ గోడకు ఆనుకొని కూసున్నడు, కండ్లు ఉబ్బి ఉన్నయి.
పక్కన లింబాద్రి
గదువ ఛాతికి ఆనిచ్చి, నోరు తెరిచి,
గుర్రు పెడుతున్నడు.

నేను చెయ్యి చాపిన, లేపుదామని.
పిలగాడు వద్దన్నట్టు
మూతి మీద వేలు పెట్టుకున్నడు.