చేతిలో ఒకటి

పగలంతా సౌకార్‌పేటలో, గాజుల కొట్లో బిల్లులు రాస్తాను.
అక్కడ లోకం పన్నెండుతో నడుస్తుంది:
డజను, అరడజను, పగిలినవి తీసేసి డజను.
సాయంత్రం ఆరున్నరకి
రిచీ స్ట్రీట్ వెనక మేడ మీది గదిలో
అదే లోకం రెండుకి దిగిపోతుంది.

ఏకాంబరం సారు మొదటిరోజు బోర్డు మీద
సున్నా, ఒకటి రాసి
"చెప్పేది ఇంతే, మిగతాదంతా ఓపిక" అన్నాడు.
అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో ఆయన నవ్వు ముందు వినిపించింది,
తర్వాత మాది.

కొన్ని తేలిగ్గానే వచ్చాయి.
సేఠు తాళం, సేఠు తమ్ముడి తాళం,
రెండూ తిరిగితేనే గల్లా తెరుచుకుంటుంది: అది ఒక గేటు.
ఎవరు కేకేసినా టీ కుర్రాడు వస్తాడు,
ఇద్దరం కేకేసినా ఒక్కసారే వస్తాడు: అది ఇంకొకటి.
తిప్పలన్నీ మూడోదానితో.

నా భాషలో కాదు వేరు, లేదు వేరు.
నా డబ్బాలో పెరుగన్నం తిని మొహం చిట్లించిన సెంతామరైకి
ఉప్పు కాదు, ఉప్పు లేదు, అని
విడమరచబోయి అలిసిపోయాను.
ఆమెకి రెండింటికీ ఒక్క ఇల్లై చాలు.
చిప్పుకీ అంతే.
మరి ఈ సున్నా ఏమిటి సార్, కాదా, లేదా?
సారు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ
చాలాసేపు కిటికీలోంచి చూశాడు.
"అదీ వోల్టేజే అమ్మా. తక్కువ వోల్టేజి.
లేకపోవడం కాదు."
నోట్సులో కాదు, బిల్లు పుస్తకం వెనక అట్ట మీద
రాసుకున్నాను ఆ మాట.

గురువారం లాబు.
పద్నాలుగేసి కాళ్ళ నల్లపురుగులు రెండు,
ఎర్రదొకటి పచ్చదొకటి బుల్లి దీపాలు,
జాకెట్టు కుట్టగా మిగిలిన దారాల్లాంటి వైర్లు.
అన్నీ గుచ్చాను.
చెయ్యి దగ్గరికి తెస్తే పచ్చది వెలిగింది,
తీస్తే ఆరింది.
ముట్టుకోలేదు కూడా.
నీ గాజుల చప్పుడికేమో, అంది సెంతామరై.
తీసి పక్కన పెట్టాను. అయినా అంతే.
సారు కళ్ళజోడు నుదుటికెత్తి, వంగి, ఒక కాలు చూపించాడు:
"దీన్ని ఎక్కడా కట్టలేదు. గాల్లో వదిలేశావు.
గాల్లో ఉన్నది, ఎవరు దగ్గరికొస్తే వాళ్ళ పాట పాడుతుంది."

అప్పుడు గుర్తొచ్చింది
నాయుడుపేట బళ్ళో, పాతపద్యాల్లో
అక్షరం పక్కన గోరు నొక్కులా ఉండే అరసున్న.
రాస్తారు, పలకరు, అనేది సుబ్బరత్నం టీచరు.
పలకనిది ఎందుకు టీచర్?
"ఒకప్పుడు అక్కడ ఒక ధ్వని ఉండేది.
అది పోయింది, చోటు పోలేదు."
పరీక్షలో అన్ని చోట్లా మానేశాను,
ఒక్క మార్కూ తగ్గలేదు.

ఆ కాలిని గ్రౌండుకి కట్టాను.
దీపం నోరు మూసుకుంది.
నిజం చెప్పొద్దూ, కాస్త జాలేసింది.

ఇక స్విచ్చులు.
ఒకటి పైకి: ఎర్రది.
రెండోది పైకి: ఎర్రది ఆరి, పచ్చది.
రెండు అని రాయడానికి దాని దగ్గర అంకె లేదు
(కాదు కాదు, లేదు).
అందుకని చిన్నప్పుడు వేళ్ళు మడిచి మనం గొణిగినట్టే
సున్నా వేసి,
చేతిలో ఒకటి.

ఎడమ పక్క ఇంటికి ఇవ్వాల్సిన ఒకటి.
ఆ ఇల్లు ఇంకా కట్టలేదు,
వచ్చే గురువారం కడతాం.
అంతదాకా పుచ్చుకునే వాళ్ళు లేక
పచ్చగా, కందిగింజంత, నిలబడి ఉంది.

కింద షట్టర్లు దించుతున్నారు.
సూళ్ళూరుపేట రైలుకి ఇరవై నిమిషాలుంది.
సారు ఒక్కో ట్యూబులైటూ ఆర్పుకుంటూ వచ్చి
"పీకెయ్యమ్మా, బ్యాటరీ దండగ" అన్నాడు.

ఒక్క నిమిషం సార్, అన్నాను.
ఆయన ఆఖరి లైటు కూడా ఆర్పి
నా వెనకే నిలబడ్డాడు.